టీకా సన్నద్ధత: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సీమ దృష్టాంతముగా

ఒక దేశము గాని, రాష్ట్రము గాని, జిల్లా గాని క్రొత్త టీకాను తన ప్రజలకు అందింపబూనినప్పుడును, ఇదివరకే అందించుచున్న టీకాను మరికొన్ని వయస్సులవారికి, మరికొన్ని ప్రాంతములకు విస్తరింప సంకల్పించినప్పుడును, అందులకు వలసిన ధనము, సిబ్బంది, శీతల నిల్వలు, రవాణా సాధనములు, లెక్కపత్రములు, అనుమతులు, వీటన్నిటికంటె మిన్నగా జనుల సమ్మతి ఏ మేరకు కుదిరియున్నవో ముందుగా పరిశీలించి తెలిసికొనుటను టీకా సన్నద్ధతా పరీక్ష యందురు. గడచిన రెండు మూడు దశాబ్దములలో ఈ పరీక్ష అంతర్జాతీయ సంస్థల చేతిలో ప్రశ్నావళులుగాను, పట్టికలుగాను, నూటికి ఇన్ని యను మార్కులుగాను రూపొందినది. ఐనను దాని సారము రాజధాని కచేరీలలోని పట్టికలకంటె, ఊరి అంగన్‌వాడీ కేంద్రములో పరచిన చాపమీద, ఒడిలో బిడ్డతో కూర్చున్న తల్లి యెదుట తేటగా తెలియును. అందుచేత ఈ వ్యాసమున ప్రపంచ విషయము చెప్పుచునే, ఉత్తర తెలంగాణమున గోదావరికిని మానేరుకును నడుమ నున్న జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణముల సీమను దృష్టాంతముగా గైకొనుచున్నాము.

సన్నద్ధత ఒకసారి లభించి ఎల్లకాలము నిలుచు యోగ్యతాపత్రము కాదు. నోటిలో రెండు పోలియో చుక్కలు వేయుటకు సిద్ధమైన ఊరు, అదే పోలియోకు చర్మపు పొరలో సన్నని సూదితో మందెక్కించుటకు సిద్ధమైనదని చెప్పరాదు. తొమ్మిది నెలల పసిబిడ్డకు టీకా వేయనేర్చిన వ్యవస్థ, బడికి పోవు పదునాలుగేండ్ల బాలికకు టీకా వేయజాలునని చెప్పరాదు. మందు మారిన కావలసిన చల్లదనము మారును. వయస్సు మారిన టీకా వేయు చోటు మారును. చోటు మారిన సమ్మతి యొసగవలసిన పెద్దలు మారుదురు. జగిత్యాల చెంతనున్న పొలాస వ్యవసాయ పరిశోధన స్థానము నుండి ‘జగిత్యాల సన్నాలు’ అను ప్రసిద్ధమైన వరి వంగడము వెలువడినది. వంగడము మేలైనదగుట వేరు, నేల పదునులో నుండుట వేరని ఆ సీమ రైతునకు ఒకరు చెప్పనక్కరలేదు. వాన కురిసినదని పరుగెత్తి మక్క విత్తడు. పిడికెడు మన్ను పట్టి చూచి, పదును తెలిసికొని విత్తును. టీకా విషయమునను మనము అడుగవలసినది ఈ పదును సంగతియే.

పూర్వపు కరీంనగరు జిల్లా 2016 అక్టోబరు 11వ తేదీన విభక్తమై, దాని నుండి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, పెద్దపల్లి జిల్లాలు వేరుపడినవి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరినది. అంతవరకు పది జిల్లాలుగా నున్న తెలంగాణము ఆ దినమున 31 జిల్లాలయ్యెను. 2011 జనాభా లెక్కలను క్రొత్త సరిహద్దులకు సరిపెట్టి చూచిన, జగిత్యాల జిల్లా జనసంఖ్య దాదాపు 9.8 లక్షలు, సిరిసిల్ల జిల్లాది దాదాపు 5.5 లక్షలు, రెండింటను స్త్రీలు పురుషులకంటె ఎక్కువ. జిల్లా యేర్పడుట యనగా కలెక్టరు కచేరి వెలయుట మాత్రమే కాదు. టీకాల దృష్టిలో అది ఒక క్రొత్త నిల్వగది, ఒక క్రొత్త టీకాల అధికారి, మందు మోయు ఒక క్రొత్త బండి, ఒక క్రొత్త లెక్కల పుస్తకము. పటముమీద గీత గీచి పది నెలలు గడచునప్పటికే, 2017 ఆగస్టులో, తొమ్మిది నెలలు మొదలు పదునైదేండ్లవరకు గల బాలబాలికల కందరికిని తట్టు, రుబెల్లా టీకా వేయు మహాకార్యక్రమము తెలంగాణమునకు వచ్చినది. పసిబిడ్డల టీకా అంగన్‌వాడీలో జరుగును. దీనికి బడులే స్థలములు. వైద్యశాఖకు విద్యాశాఖ తోడు కావలెను, ప్రధానోపాధ్యాయుడు తల్లిదండ్రులను పిలిచి చెప్పవలెను. క్రొత్త జిల్లాల సన్నద్ధతకు అంతకంటె కఠినమైన తొలి పరీక్ష మరియొకటి ఉండదు.

సన్నద్ధతా పరీక్ష యను యోచన నామరూపములు పొందుటకు ముందే దాని అవసరము లోకమునకు తెలిసియుండెను. జెన్నరు 1796లో మశూచికమునకు టీకా కనుగొన్న పిమ్మట, ఆ మందును ఎండదేశములకు చెడకుండ చేర్చుటెట్లను ప్రశ్న పుట్టినది. శీతల పేటికలు లేని ఆ కాలమున మనుష్యుల భుజములే పేటికలు. ఒక బిడ్డ చేతిమీది పొక్కు నుండి మరియొక బిడ్డకు, ఆ బిడ్డ నుండి వేరొక బిడ్డకు రసి నెక్కించుచు బాగ్దాదు, బాస్రాల మీదుగా బొంబాయికి తెచ్చిరి. 1802 జూన్ 14న అక్కడ మూడేండ్ల అన్నా డస్ట్‌హాల్ అను బాలికకు మన దేశపు తొలి టీకా పడినది. నడుమ ఒక్క భుజము తప్పినను గొలుసు తెగియుండెడిది. శీతల శృంఖల యని మనమిప్పుడు పిలుచుదానికి అదియే పూర్వరూపము.

భారతదేశమున విస్తృత టీకా కార్యక్రమము 1978లోను, సార్వత్రిక టీకా కార్యక్రమము 1985లోను ఆరంభమయ్యెను. చాలకాలము టీకాల పట్టిక మారలేదు. క్షయ, కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతము, పోలియో, తట్టు అను వ్యాధులకే టీకాలుండెను. ఇరువదియొకటవ శతాబ్దమున టీకాలు ఒకదానివెంట నొకటి వచ్చిచేరుటతో, ఏది కావలెను, ఎప్పుడు కావలెను, మనకు చేతనగునా యను విచారణ తప్పనిసరి యైనది. సలహానిచ్చుటకు 2001లో జాతీయ సాంకేతిక సలహా బృందము ఏర్పడినది. 2000లో వెలసిన ‘గావి’ కూటమి పేదదేశములకు టీకాలకై ధనమిచ్చుచు, ఆ దేశముల సాధారణ టీకా కార్యక్రమము ఒక కనీస స్థాయికి చేరియుండవలెనను నియమము పెట్టినది. క్రొత్త టీకాను చేర్చుకొను విధమును గూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో మార్గదర్శకములను వెలువరించి, 2014లో వాటిని విపులీకరించెను. ఆ రెండవ గ్రంథము, వ్యాధి భారమెంత, టీకా గుణమెంత అను వైద్యప్రశ్నలతో పాటు, ఈ వ్యవస్థ ఈ బరువు మోయగలదా యను ప్రశ్నకును సమాన స్థానమిచ్చినది.

శీతల నిల్వల పరీక్షకు ప్రపంచ ఆరోగ్య సంస్థయు యూనిసెఫును కలసి రూపొందించిన పద్ధతి 2010 నుండి వాడుకలోనున్నది. టీకాలు దిగుమతియైన దినము మొదలు కట్టకడపటి ఆరోగ్య కేంద్రము చేరువరకు తొమ్మిది అంశములను అది చూచును. ప్రతి అంశమునందును నూటికి 80 మార్కులు రావలెనని గురి. ఇందులో కొలవదగినది చాల కలదు. నిల్వగదిలో చోటెంత, ఉష్ణోగ్రతను దినమునకు రెండుమార్లు వ్రాయుచున్నారా, కరెంటు పోయిన ఏమి చేయుదురు, యంత్రము చెడిన ఎన్నాళ్ళకు బాగుచేయుదురు అనునవి అందులోనివి. ఇట్టి ప్రశ్నలకు అంకెలలో జవాబు దొరకును. దొరికిన జవాబు మేలు చేయును.

ఈ లెక్క ఎట్టిదో ఒక ఉదాహరణము చూతము. లక్ష జనాభా గల మండలమున వేయిమందికి 16 జననముల చొప్పున ఏటికి 1,600 మంది శిశువులు పుట్టుదురనుకొందము. ఊపిరితిత్తుల వాపును నివారించు న్యుమోకోకల్ టీకాను ఆరు వారములకు, పదునాలుగు వారములకు, తొమ్మిదవ నెలకు మూడుమార్లు వేయవలెను గనుక 4,800 మోతాదులు. నూటికి పది వృథా యగునని యెంచిన, తెప్పింపవలసినవి దాదాపు 5,330. ఇవన్నియు +2 నుండి +8 డిగ్రీల నడుమ నుండవలెను. వీటికి ఆరోగ్య కేంద్రములోని ఐ.ఎల్.ఆర్. అను శీతల పెట్టెలో చోటుండునా? ఇదివరకున్న పెంటావలెంటు (ఐదు వ్యాధుల టీకా), పోలియో, తట్టు-రుబెల్లా సీసాలను త్రోసిరాజనకుండ ఉండునా? ఒక్క టీకా చేరిన, దాని సూదులు, వాడిన సూదులు వేయు డబ్బాలు, రిజిస్టరులో గడులు, తల్లీబిడ్డ కార్డుమీద గీతలు సైతము మారును. గడి లేని కార్డుమీద వ్రాసిన తేదీ మరునాడు ఎవరికిని కనబడదు.

అంకెలకు లొంగని సంగతి యొకటి దగ్గరనుండి చూడదగినది. ఆరోగ్య కేంద్రమున టీకా దినమున ప్రొద్దుటనే డీప్‌ఫ్రీజరు నుండి ఐస్‌ప్యాకులను తీయుదురు. రాయివలె గడ్డకట్టియున్న ఆ ప్యాకులను వెంటనే వ్యాక్సిన్ క్యారియరులో సర్దరాదు. బల్లమీద పరచి, పైన చెమట పట్టువరకు ఆగవలెను. ఒక్కొక్కదానిని చెవి దగ్గర పెట్టుకొని ఊపిచూడవలెను. లోపల నీరు గలగలమని కదలిన చప్పుడు వినబడిన తరువాతనే నాలుగు ప్రక్కల నాలుగు నిలిపి, నడుమ సీసాల సంచి ఉంచవలెను. ఆ చప్పుడునకు ముందే తొందరపడిన, హెపటైటిస్-బి, పెంటావలెంటు, న్యుమోకోకల్ వంటి టీకాలు ఐస్‌కు తగిలి గడ్డకట్టి చెడిపోవును. వేడికి చెడిన మందును సీసాపై చిన్న చతురస్రపు గుర్తు రంగు మారి తెలుపును గాని, చలికి చెడిన మందును అది తెలుపదు. బిడ్డకు సూది నొప్పి మిగులును, రక్షణ మిగులదు; రిజిస్టరులో మాత్రము టీకా పడినట్లే ఉండును. ఏ ప్రశ్నావళియు ఆ గలగలను వినజాలదు. ప్రొద్దున ఏడు గంటలకు బల్ల ప్రక్కన నిలిచిన ఉద్యోగిని నేర్పును, ఓపికయు ఒక దేశపు సన్నద్ధతలో భాగములే యని నేను గట్టిగా నమ్ముదును.

2020 చివర కోవిడు టీకాలు వెలువడు తరుణమున, ప్రపంచ ఆరోగ్య సంస్థయు ప్రపంచ బ్యాంకును తమ పరీక్షా సాధనములను ఏకము చేసి, దేశముల సన్నద్ధతను కొలుచుటకు ఒక చట్రమును సిద్ధపరచినవి. ప్రణాళిక, ధనము, నియంత్రణ చట్టములు, ముందెవరికను నిర్ణయము, టీకా వేయు ఏర్పాటు, శిక్షణ, పర్యవేక్షణ లెక్కలు, శీతల నిల్వలు, దుష్ఫలితముల నిఘా, ప్రజలతో సంభాషణ అని పది విభాగములు అందున్నవి. 2021 మార్చిలో 128 దేశముల ఫలితములు ప్రకటితమైనవి. నూటికి 85 దేశములు జాతీయ ప్రణాళికలను వ్రాసికొనియుండెను. నూటికి 68 దేశములందు దుష్ఫలితములను నమోదు చేయు పద్ధతి మొదలగు భద్రతా చర్యలుండెను. టీకా వేయవలసిన అసంఖ్యాక సిబ్బందికి శిక్షణ నిచ్చు ప్రణాళిక కలవి నూటికి 30 మాత్రమే. జనులను కూడగట్టి సందేహములు తీర్చు వ్యూహము కలవి నూటికి 27 మాత్రమే. ఈ నాలుగంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చదివిన, కాగితముమీది సన్నద్ధతకును ఊరిలోని సన్నద్ధతకును గల దూరము తానే తెలియును. ప్రణాళిక వ్రాయుటకు పదిమంది చాలుదురు. నమ్మకము కలిగించుటకు వేలమంది కావలెను, వారికి కాలము కావలెను.

మన దేశమున ఈ పరీక్షకు మాక్‌డ్రిల్లు రూపము వచ్చినది. 2020 డిసెంబరు 28, 29 తేదీలలో ఆంధ్రప్రదేశ్, అస్సాము, గుజరాతు, పంజాబు రాష్ట్రములలో మందు లేకయే టీకా కార్యక్రమము ఆద్యంతము నడిపి చూచిరి. ఆంధ్రప్రదేశ్‌లో అందుకు కృష్ణా జిల్లాను ఎన్నుకొనిరి. జనవరిలో అది దేశమంతట జరిగెను. 16వ తేదీన అసలు టీకా మొదలయ్యెను. వరుసలో ఎవరు నిలుతురు, పేరు ఎవరు చూతురు, టీకా పిమ్మట అరగంట ఎక్కడ కూర్చుందురు, ఒకరికి కళ్ళు తిరిగిన అంబులెన్సు ఏ దారిన వచ్చును అను చిన్న చిన్న సంగతులు నడిచి చూచినగాని తెలియవు. నా దృష్టిలో పదిరకముల పట్టికలకంటె ఇట్టి ఒక్క పూట నడక మేలు.

ఇక మన మూడు పట్టణముల విశేషములు. ఇచ్చట ప్రసవములు దాదాపుగా ఆసుపత్రులందే జరుగును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణమంతట నూటికి 97 ప్రసవములు ఆసుపత్రులలోనివే. పుట్టిన 24 గంటలలోపల వేయవలసిన హెపటైటిస్-బి తొలి మోతాదునకు ఇది అనుకూలము. జగిత్యాలవంటి చోట ప్రైవేటు ఆసుపత్రుల ఫ్రిజ్జులు, ప్రైవేటు నర్సుల శిక్షణ, వారు పంపు లెక్కలు సైతము జిల్లా సన్నద్ధతలో చేరును. కాని పుట్టిన చోటనే బిడ్డ పెరుగదు. తొలి కాన్పునకు ఆడబిడ్డ ‘తల్లిగారింటికి’ పోవుట మన ఆచారము. కోరుట్ల కోడలు కాన్పునకు మెట్‌పల్లి ప్రక్క పల్లెకు పోవును. మొదటి టీకాలు అక్కడ పడును. ఐదవ నెలకో ఏడవ నెలకో అత్తవారింటికి వచ్చును. తల్లిగారి ఊరి ఏ.ఎన్.ఎం. (ఆరోగ్య ఉపకేంద్రపు నర్సు) జాబితాలో ‘వెళ్ళిపోయినది’ అనియు, అత్తగారి ఊరి జాబితాలో ఇంకను ఎక్కకయు, ఆ బిడ్డ రెండు రిజిస్టర్ల నడుమ జారిపోవును. 2017 జూన్‌లో మొదలైన కె.సి.ఆర్. కిట్ పథకము తల్లికిచ్చు సొమ్ములో రెండు వాయిదాలను పదునాలుగు వారముల టీకాకును తొమ్మిదవ నెల టీకాకును ముడివెట్టినది. అందుచే తల్లులే కార్డు పట్టుకొని వచ్చి అడుగుటకు ఒక కారణము ఏర్పడెను. పైని జాతీయ సర్వేలోనే, తెలంగాణమున ఏడాది నిండి రెండేండ్లు నిండని పిల్లలలో అన్ని టీకాలు పూర్తియైనవారు నూటికి 79. నాలుగేండ్ల ముందటి సర్వేకంటె ఇది బాగుగా పెరిగిన సంఖ్య. ఐనను ఐదుగురిలో ఒకరు మిగిలియున్నారు.

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వీధులలో మధ్యాహ్నవేళ నడిచిన, అరుగులమీద చాట ఒడిలో పెట్టుకొని తునికాకు కత్తిరించుచు, బీడీలు చుట్టుచుండు స్త్రీలు కనబడుదురు. వేయి బీడీల లెక్కన కూలి. చేయి ఆగిన కూలి ఆగును. టీకాకు పోయి, వరుసలో నిలిచి, అరగంట కూర్చుండి వచ్చుట అనగా ఆ తల్లికి కొన్ని కట్టల నష్టము. బిడ్డ రాత్రి జ్వరముతో ఏడ్చిన మరునాటి పనియు పోవును. పెంటావలెంటు వేసిన సాయంకాలము కొంచెము కాక వచ్చుట సహజమనియు, తడిగుడ్డ వేయవలెననియు, ఇచ్చిన మాత్ర ఎంత వేయవలెననియు చెప్పి పంపని యెడల, ‘పోయినసారి సూది ఏపిస్తే పిల్ల రాత్రంత ఏడ్చింది’ అను మాట ఆ వాడలో మరి ఆరు ఇండ్లకు పోవును. ప్రొద్దున్నే టీకా మొదలుపెట్టుట, వాడలోనికే పోవుట, తెలుగుతో పాటు ఉర్దూలో చెప్పగలవారు తోడుండుట అనునవి ఈ పట్టణములందు సన్నద్ధతకు కొలమానములు. ఇవి ఏ అంతర్జాతీయ పట్టికలోను పేరుపెట్టి ఉండవు.

మరియొక సంగతి దుబాయి. ఈ సీమ నుండి వేలాది పురుషులు గల్ఫు దేశములకు పోయి కష్టించుచున్నారు. ఇంటి యజమాని అక్కడ, నిర్ణయము ఫోనుమీద. వదంతియు అదే ఫోనుమీద వచ్చును. 2017లో తట్టు-రుబెల్లా టీకాపై తమిళనాడు, కేరళములందు వాట్సాప్ ద్వారా ప్రాకిన అపోహలు కార్యక్రమమునకు పెద్ద ఆటంకమైనవి. కావున తండ్రి ఊరిలో లేని ఇంటికి ఆశ కార్యకర్త చెప్పవలసిన మాట, ఆమె సెలవు తీసికొన్న పిదప సముద్రము దాటి పోవునట్టి మాటగా ఉండవలెను. కోవిడు కాలమున ఈ గల్ఫు సంబంధము మరొక చిక్కును చూపినది. సెలవుపై వచ్చి చిక్కుకొనిన కార్మికునకు ఏ టీకా వేసికొంటినన్నది ఆరోగ్య ప్రశ్న మాత్రమే కాక ఉద్యోగ ప్రశ్న యైనది. హైదరాబాదులో తయారైన కోవాగ్జిను ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర జాబితాలో 2021 నవంబరు 3న గాని చేరలేదు. అంతవరకు కోవిషీల్డు వేసికొన్నవారికి తెరచిన దారి, కోవాగ్జిను వేసికొన్నవారికి పలుచోట్ల మూసియుండెను. ఒక దేశపు టీకాపత్రమును మరియొక దేశము ఆమోదించుటయు సన్నద్ధతలోని అంశమే.

మానేటి యొడ్డున నున్న సిరిసిల్ల మరమగ్గముల ఊరు. అక్కడివారు వాటిని ‘సాంచెలు’ అందురు. ఆ చప్పుడులో మైకు పెట్టి చాటిన ఏ ప్రకటనయు వినబడదు. పగలు రాత్రి వంతులుగా పనిచేయు కార్మికుడు నిద్రించువేళకే ఆరోగ్య కార్యకర్త తలుపు తట్టును. భీవండి, షోలాపురము, సూరతులకు వలసపోయి తిరిగివచ్చు నేత కుటుంబములు కలవు. వారి బిడ్డల కార్డులు మరాఠీలోనో గుజరాతీలోనో ఉండును. ఇతర రాష్ట్రముల నుండి సిరిసిల్లకే పనికి వచ్చినవారును కలరు. 2017 నుండి ప్రభుత్వపు బతుకమ్మ చీరల పని వచ్చినప్పుడు వానకాలము చివర సాంచెలు ఊపిరి సలుపకుండ ఆడెను. ఆ నెలలలోనే పెద్ద టీకా కార్యక్రమము పెట్టిన, కార్ఖానా ఆసాములతో ముందుగా మాట్లాడి పనివేళలను సర్దుకొనుటయే సగము సన్నద్ధత. ప్రక్కనున్న వేములవాడ రాజన్న జాతరకు శివరాత్రినాడు వచ్చు లక్షలమందిలో పసిపిల్లలెందరో. పల్స్ పోలియో దినములలో బస్టాండులందు చుక్కల మందు కేంద్రములు తెరచు ఆచారము, తిరుగాడు జనమును తిరుగాడు చోటనే అందుకొనవలెనను గుణపాఠము నుండి పుట్టినది.

తెలుగుసీమ అనుభవములలో మంచియు కష్టమును రెండును కలవు. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో మన దేశపు తొలి రీకాంబినెంటు హెపటైటిస్-బి టీకాను విపణికి తెచ్చి, దాని వెలను సామాన్యులకు అందుబాటులోనికి దించెను. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘పాత్’ సంస్థ సహకారముతో ఆ టీకాను సాధారణ కార్యక్రమమున చేర్చుచు, దానితోపాటే మరల వాడ వీలులేని సిరంజిలను ప్రవేశపెట్టి, శీతల నిల్వలను బాగుచేసికొనెను. క్రొత్త టీకా పాత కార్యక్రమమునకు బరువు కాక, దానిని నిలబెట్టు ఊతమైన సందర్భమది.

అదే ‘పాత్’ సంస్థ తోడ్పాటుతో 2009 జూలైలో ఖమ్మము జిల్లా భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములందు పది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించు హెచ్.పి.వి. టీకాను ప్రయోగాత్మకముగా వేసిరి. దాదాపు 14,000 మంది బాలికలు అందు చేరిరి. పలువురు గిరిజనుల పిల్లలు, ఆశ్రమ పాఠశాలల వసతిగృహములలో నుండువారు. టీకా వేసికొన్నవారిలో కొందరు మరణించిరను వార్తలతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమము నిలిచిపోయెను. ఆ మరణములు టీకా వలన కలిగినవి కావని విచారణ సంఘము భావించినది. కాని విచారణలో బయల్పడిన వేరొక సంగతి అంతకంటె లోతైనది. సమ్మతి పత్రములపై వేలకొలది సంతకములు తల్లిదండ్రులవి కాక వసతిగృహపు వార్డెన్లవిగా నుండెను. దుష్ఫలితములను కనిపెట్టి నమోదు చేయు ఏర్పాటు బలహీనముగా నుండెను. పార్లమెంటు స్థాయీ సంఘము 2013 ఆగస్టు నివేదికలో దీనిని తీవ్రముగా గర్హించినది. మందు సిద్ధము, శీతల పేటిక సిద్ధము, సూది సిద్ధము. కొండమీది గూడెములోని తల్లిని అడిగినవారు లేరు. ఆ ఒక్క లోపము వలన మేలైన టీకాయే మన దేశమున ఏండ్ల తరబడి వెనుకబడెను. ఆ ఏండ్లలో టీకా అందని బాలికలలో మున్ముందు క్యాన్సరు పాలగువారి లెక్క ఏ నివేదికకును ఎక్కదు. ఈ విషయము వ్రాయునప్పుడు మనస్సు బరువెక్కక మానదు.

దీనికి భిన్నముగా 2016 జూన్‌లో హైదరాబాదు చూపిన చురుకుదనము స్మరణీయము. ఆ ఏప్రిల్ 25న దేశమంతట మూడు రకముల పోలియో చుక్కలు మాని రెండు రకముల చుక్కలకు మారిరి. కొలది వారములకే నగరపు మురుగునీటిలో రెండవ రకపు టీకాజన్య వైరసు కనబడెను. పోలియో ఇంజెక్షను మందునకు ప్రపంచమంతట కరవుగా నున్న దినములవి. పూర్తి మోతాదులో ఐదవ వంతును, అనగా 0.1 మిల్లీలీటరును, చర్మపు పొరలోనే వేయు పద్ధతిని తెలంగాణము అంతకు ముందే నేర్చియుండెను. జూన్ 20 నుండి 26 వరకు హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాల ప్రమాద ప్రాంతములలో దాదాపు 3,11,000 మంది పిల్లలకు ఆ విధముగా టీకా వేసిరి. చేయి ముందే అలవడియుండుటచేతనే అది ఒక్క వారములో సాధ్యమయ్యెను.

మరియొక ముచ్చట. అతిసారమును నివారించు రోటావాక్ టీకా హైదరాబాదు శివారున జినోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ తయారు చేసినది. 2016లో దానిని సార్వత్రిక కార్యక్రమమున తొలిసారి చేర్చిన నాలుగు రాష్ట్రములు ఆంధ్రప్రదేశ్, హరియాణా, హిమాచల్ ప్రదేశ్, ఒడిశా. అది తయారైన తెలంగాణమునకు తరువాత వచ్చిన దశలలో, 2019 నాటికి దేశమంతట వ్యాపించినప్పుడు అందెను. అట్లే అదే సంస్థ తయారుచేసిన టైఫాయిడు టీకాను జాతీయ కార్యక్రమమున చేర్చుకొన్న తొలిదేశము 2019లో పాకిస్తాను. ఫ్యాక్టరీ మన యింటి ప్రక్కన ఉన్నంత మాత్రమున మందు మన బిడ్డ నోటికి చేరదు. వ్యాధి లెక్కలు, ధనము, నిర్ణయము, శిక్షణ అను మెట్లన్నియు ఎక్కవలసినదే.

టీకా ప్రవేశించిన ఆరు మొదలు పండ్రెండు నెలలలోపల మరల ఒక పరిశీలన చేయుట నియమము. ముందు చూచిన సన్నద్ధత నిజమైనదా, కాగితపుదా యనునది అప్పుడు తేలును. పరిశీలకులు ఆరోగ్య కేంద్రమునకు పోయి ఐ.ఎల్.ఆర్. మూత తీసి చూతురు. తెరచిన సీసాపై తేదీ వ్రాసియున్నదా యని అడుగుదురు. ఒక తల్లిని నిలిపి, నేడు ఏ టీకా పడినది, మరల ఎప్పుడు రమ్మనిరి, జ్వరము వచ్చిన ఏమి చేయుమనిరి అని ప్రశ్నింతురు. 2022లో జగిత్యాలలోను, 2023లో సిరిసిల్లలోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. వాటి సామాజిక వైద్య విభాగములు ఈ పరిశీలనను తమ విద్యార్థులకు పాఠముగా చేసికొన్నచో, ఈ సీమను గూర్చిన జ్ఞానము ఈ సీమలోనే పండును.

మన పల్లెలలో బుధ, శనివారములు టీకా దినములు. బుధవారము మధ్యాహ్నము దాటినపిదప ఏ.ఎన్.ఎం. క్యారియరు మూత తీసి సీసాలు లెక్కబెట్టును. కలిపి నాలుగు గంటలు గడచిన తట్టు-రుబెల్లా, బి.సి.జి. సీసాలను వేరుగా తీసిపెట్టును. ఇరువదియెనిమిది దినములవరకు వాడదగిన తక్కిన సీసాలపై తెరచిన తేదీ వ్రాసి, సాయంకాలమునకు ఆరోగ్య కేంద్రపు పెట్టెకు తిరిగి పంపును. ఆశ కార్యకర్త ప్రొద్దుటి జాబితాను మోకాలిపై పెట్టుకొని, వచ్చినవారి పేర్లకు టిక్కు పెట్టి, రానివారి పేర్లు చదువును: ఒకరు తల్లిగారింటికి పోయినది, ఒకరి బిడ్డకు జలుబు, ఒకరు సాంచెల కాడికి పోయినది, ఒకరు వస్తనని రాలేదు. ఆ నాలుగు పేర్లు శనివారపు జాబితాలో మొదట ఎక్కును.